చోటు పిసినారి నరహరి

డబ్బు పిసినార్లు వీధికి ఇద్దరుంటారు. నరహరి చోటు పిసినారి. జేబులో ఉన్నది అడిగితే ఇచ్చేస్తాడు, క్యాంపస్‌లో టీ తాగితే పక్కవాడి టీకీ తనే ఇస్తాడు. కానీ ఒకే వస్తువు రెండు చోట్ల కనబడిందంటే అతనికి ఒకటి తీసెయ్యందే నిద్రపట్టదు.

తార్నాకలో వేదవతిగారి మేడ మీద ఒక్క గది, అందులో నరహరి ఒంటరి కాపురం. బకెట్టు బోర్లిస్తే కుర్చీ, నిలబెడితే స్నానం. తలగడలో దూది ఉండదు, ఉతికిన బట్టలుంటాయి. అందుకని సోమవారం తలగడ ఎత్తుగా ఉండి మెడ పట్టేస్తుంది, శనివారానికి నేలమట్టమవుతుంది. ఒళ్ళు తుడుచుకునే తువ్వాలే కిటికీకి తెర. కిటికీ బోసిగా కనబడితే చాలు, ఎదురింటివాళ్ళు గడియారం చూడకుండానే “నరహరి స్నానానికెళ్ళాడు, పిల్లల బస్సు వచ్చే టైమైంది” అని లేస్తారు.

మాటల్లోనూ అదే పొదుపు. అన్న మాట ఇంకోసారి అనడు. యూనివర్సిటీలో కంప్యూటర్ల లాబులో అతని పక్కన కూర్చునే జూనియర్ సింధూజకి ఇదే పెద్ద తలనొప్పి.

“అన్నా, ఏమన్నవ్?”

“అన్న గదా.”

“వినబడలే.”

“మల్ల అంటె రెండైతయి. నీ చెవులనే యాడనో ఉంటది, ఎతుక్కో.”

“నీ థీసిస్‌ల దొరకంది నా చెవుల దొరుకుతదా అన్నా?”

ఆ థీసిస్ సంగతే అసలు సంగతి. నరహరికి ముప్పై ఆరేళ్ళు. పీహెచ్‌డీలో ఎప్పుడు చేరాడో అతనికీ యూనివర్సిటీకీ తప్ప అందరికీ గుర్తుంది. జనగామ దగ్గర ఊళ్ళో అతని నాన్న భీమయ్య ఫోన్ చేసి అడుగుతుంటాడు.

“డాక్టరయినవా బిడ్డా?”

“ఇంకా కాలె బాపూ.”

“మన ఊర్ల సూదులిచ్చే పిలగాడు రెండేండ్లల్ల అయిండు గదరా. నా మోకాలు నీ కోసమే ఆపి పెట్టిన.”

జనగామలో బావకి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఫోన్ల మీద అద్దాలు అంటించడానికి ఒక మనిషి కావాలట. “పీహెచ్‌డీ అయినా ఇదే పని, కాకున్నా ఇదే పని. కాకుంట వస్తె జల్ది వస్తవ్” అని బావ లెక్క.

ఇంతకీ నరహరి చేసే పనేమిటంటే, చోటు పిసినారి తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని. లోకంలో రాత పెరిగిపోతోంది. అందులో ఏ మాట ఎక్కడుందో వెతకాలంటే పుస్తకం వెనక పట్టీ ఉన్నట్టు దానికీ ఒక పట్టీ ఉండాలి. రాత ఒక బస్తా అయితే పట్టీ నాలుగు బస్తాలవుతుంది. ఆ నాలుగు బస్తాలనీ, అసలు బస్తానీ కలిపి, నొక్కి నొక్కి అర బస్తా చెయ్యాలని నరహరి పంతం. ఊరికే నొక్కడమైతే ఎవరైనా చేస్తారు. పరుపు చుట్టి తాడు కడితే చోటు కలిసొస్తుంది, కానీ దాని మీద పడుకోలేం. నరహరికి చుట్టిన పరుపు మీదే పడుకోవాలి. అంటే, నొక్కిన రాతని విప్పకుండానే అందులో వెతకాలి.

ఒకసారి కిందింటి వేదవతిగారు అడిగితే ఇలా చెప్పాడు.

“మీ అత్తగారింట్ల అందరు వెంకటలే గదా ఆంటీ. వెంకటరత్నం, వెంకటలక్ష్మి, వెంకటసుబ్బారావు. అందరికి వెంకట వెంకట అని రాసుడెందుకు? ఒక్కపాలి వెంకట అని రాస్త. దాన్నించి కొమ్మలు తీస్త. ఒక కొమ్మకు రత్నం, ఒక కొమ్మకు లక్ష్మి.”

“అంటే అందరికీ కలిపి ఒకటే వెంకట?”

“ఔ. పంచుకోవాలె.”

“వాళ్ళు ఇల్లే పంచుకోలేక కోర్టుకెళ్ళారు. పేరు పంచుకుంటారా?” అంది వేదవతి.

వేదవతిది కాకినాడ వైపు. భర్త శ్రీనివాసరావుగారు రైల్వే ఆఫీసులో చేసి రిటైరై, ఏడాది కిందట పోయారు. ఆయనా వెంకటే, వెంకట శ్రీనివాసరావు. ఆయన పోయాక ఆవిడ మాట తగ్గింది. తగ్గింది మాటే, పదును కాదు.

ఒకరోజు గైడు పద్మావతి మేడం నరహరిని పిలిచింది. కుర్చీ చూపించలేదు.

“నరహరీ, నువ్వు చేరినప్పుడు నాకొక్క తెల్ల వెంట్రుక లేదు. ఇప్పుడు నల్లది వెతుక్కోవాలి. దానికేమైనా పద్ధతుందా నీ దగ్గర?”

మేడం కాలెండరు తిప్పింది.

“వచ్చే నెల నీ ఆఖరి సెమినార్. బయట యూనివర్సిటీ నుంచి పరీక్షకుడొస్తాడు. ఎవరు ఏ ముక్క అడిగినా వెతికి చూపించాలి. అదిగో, ఆ మూల కంప్యూటర్ మీద.”

మూల కంప్యూటర్ అంటే టీ కప్పులు పెట్టుకోవడానికి తప్ప ఇంక దేనికీ ఎవరూ ముట్టుకోనిది. దానికున్న మెమరీ ఈ కాలం పిల్లల ఫోన్లలో ఉన్నదానిలో సగం ఉండదు.

“అందులో పడితే నీ పద్ధతి పద్ధతే. పట్టకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. నేను కూడా ఆపలేను. ఇంకో మాట, ఇప్పటిదాకా నువ్వు చూపించిందంతా పేపర్ల తెలుగు. అది ఇస్త్రీ చేసిన తెలుగు. కొంచెం నలిగిన తెలుగు కూడా తీసుకురా, మనుషులు మాట్లాడుకునేది.”

నలిగిన తెలుగు ఎక్కడ దొరుకుతుందా అనుకుంటూ నరహరి ఇంటికొచ్చేసరికి, మెట్ల మీద వేదవతి కూర్చునుంది. చేతిలో ఫోను. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.

“ఏం ఎతుకుతున్నరాంటీ?”

“కోపం.”

నరహరి ఆగాడు.

“మా ఆయన మా వాళ్ళ గ్రూపులో ఒకసారి నా మీద జోకు పెట్టారు. అందరూ పగలబడి నవ్వారు. నేను వారం పైన ఆయనతో మాట్లాడలేదు. అదేమిటో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు రావట్లేదు. విజిల్ అన్న మాట ఉంది, అంతే.”

“గిప్పుడు అదెందుకాంటీ?”

“పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకుందామన్నా కారణముండాలిగా నాయనా. కారణం లేకుండా తెచ్చుకుంటే ఏడుపొస్తోంది.”

నరహరి చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు. ఫోను నిండిపోయానని మొత్తుకుంటోంది. విజిల్ అని కొడితే తిరిగి తిరిగి నిలిచిపోతోంది. పైగా మాట మొదలు పట్టుకుంటేనే దొరికే వెతుకులాట అది. తెలుగు మాటలా, ఒకదాని తోక ఇంకోదాని నోట్లో ఉంటుంది. పాతవన్నీ చెరిపెయ్యమని మరిది కొడుకు సాయితేజ రోజూ చెబుతున్నాడట. వేదవతి వినట్లేదు.

గ్రూపు పేరు ‘వెంకట వంశం’. పదేళ్ళలో నలభైమంది అందులో తిట్టుకున్నారు, పొగుడుకున్నారు, కూరలు చెప్పుకున్నారు. నరహరికి నోరూరింది. ఇంతకన్నా నలిగిన తెలుగు తెలుగుదేశంలో ఎక్కడా లేదు.

“ఆంటీ, ఇది నాకిస్తరా? మీ జోకు నేను ఎతికి పెడ్త. నా సెమినార్‌కు గిదే కావాలె.”

“మా వాళ్ళనడగాలి.”

అడిగింది. నరహరి చెబుతుంటే వేదవతి టైపు చేసింది: మేడ మీద అబ్బాయి చదువు కోసం మన మాటలన్నీ తీసుకుంటాడు, పదిమంది ముందు వెతికి చూపిస్తాడు, ఇష్టం లేనివాళ్ళు చెప్పండి. కాకినాడ నుంచి మరిది వెంకటసుబ్బారావు మొదట పలికాడు: “నా మెసేజులు డాక్టరేట్‌కి పనికొస్తాయని నాకెప్పుడో తెలుసు.” వారాసిగూడలో ఉండే ఆడపడుచు వెంకటలక్ష్మి, “తీసుకోమను వదినా. దాచుకునే రకం కాదు నేను” అంది. మిగతావాళ్ళు దణ్ణాలు, బొటనవేళ్ళు పెట్టారు. ఏడాదిగా ఆ గ్రూపులో దణ్ణాలే ఉన్నాయి. పెద్దాయన పోయాక ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు.

నరహరి పేపర్ల తెలుగు బస్తాలతో వంశం తెలుగు కలిపి నొక్కడం మొదలుపెట్టాడు. పదేళ్ళుగా నలభైమంది చెప్పుకున్న శుభోదయాలన్నీ కలిపి చిటికెడయ్యాయి. “భోంచేశారా” అన్నవి ఒక రవ్వంత. నొక్కుతున్నకొద్దీ నరహరికి ఆవేశమొచ్చింది. పనిలో పని, ఇంకొకటి కూడా పారేశాడు. ఏ మాట ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికే బోలెడు చోటు పోతోంది. ఉందా లేదా, ఎన్నిసార్లుంది, ఇంతవరకు చెబితే చాలదా? ఎక్కడుందో అని కూడా అడిగేవాళ్ళది అత్యాశ. అలా అనుకుని ఆ భాగం మొత్తం తీసేశాడు. మిగిలింది ఎంత చిన్నదయిందంటే మూల కంప్యూటర్లో అది పట్టగా ఇంకొకళ్ళ థీసిస్ కూడా పడుతుంది.

ఆ సంబరంలో లాప్‌టాప్ పట్టుకుని వేదవతిగారి ముందు గదిలోకి దిగాడు.

“సూడురి ఆంటీ.” విజిల్ అని కొట్టాడు. రెప్ప వెయ్యకముందే జవాబొచ్చింది. “ఉన్నది. రెండొందల పైన.”

వేదవతి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “ఏదీ?”

“ఏదంటె... ఉన్నయాంటీ.”

“ఉన్నాయి సరే. ఆయనది చూపించు.”

“సూపియ్యది. ఉన్నదో లేదో చెప్తది, ఎన్నో చెప్తది. యాడున్నదో దానికి తెల్వది.”

వేదవతి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“మా అత్తగారి నగలు ఇలాగే ఉండేవి. ఉన్నాయి ఉన్నాయి అనేవారు. ఎన్నున్నాయో లెక్క కూడా చెప్పేవారు. చూసినవాళ్ళు మాత్రం లేరు.”

నరహరికి చురుక్కుమంది. లాప్‌టాప్ మూసి మేడెక్కాడు. మర్నాడు పద్మావతి మేడం కూడా అదే మాట అంది, కాకపోతే అత్తగారు లేకుండా. “చోటు చెప్పని వెతుకులాట ఏం వెతుకులాట నరహరీ? సెమినార్‌లో ‘ఉంది సార్, కనబడదు సార్’ అంటావా? అది దేవుడి గురించి చెప్పేవాళ్ళ డిపార్ట్‌మెంట్, మనది కాదు.”

అయినా నరహరి దిగిరాలేదు. పారేసింది మళ్ళీ తెచ్చి పెట్టడమంటే అతనికి ప్రాణం పోయినంత పని. చోటు చెప్పే భాగం పెడితే మూల కంప్యూటర్ పొట్ట పగులుతుందనీ, పెట్టకపోతే సెమినార్‌లో తన పరువు పోతుందనీ తెలుసు. తెలిసి కూడా లాబులో కూర్చుని ఉన్నదాన్నే ఇంకా నొక్కుతూ పోయాడు.

ఆదివారం పొద్దున వేదవతి మేడ మీదికి టిఫిను పంపడం అలవాటు. ఆ ఆదివారం కూడా మెట్ల మీద మూత పెట్టిన కంచం ఉంది. నరహరి ఆత్రంగా మూత తీశాడు. కంచం కడిగిన కంచం. అంతలో ఫోను మోగింది. వేదవతి మెసేజ్:

“ఇడ్లీలు నాలుగు ఉన్నాయి నాయనా. ఎక్కడున్నాయో అడగకు.”

కింద వంటింట్లోంచి అల్లప్పచ్చడి వాసన వస్తోంది. నరహరి కంచం పట్టుకుని మెట్ల మీద నిలబడి, కిందికి వెళ్ళడానికి పౌరుషం అడ్డొచ్చి, ఫోనులో టిఫిను తెప్పించుకున్నాడు. చిరునామాలోనూ పొదుపే మరి: ‘నరహరి, తార్నాక.’

కాసేపటికి డెలివరీ మనిషి ఫోను. పేరు పరుశురాం.

“అన్నా, యాడున్నవ్?”

“తార్నాక.”

“తార్నాకల లక్షమంది ఉంటరన్నా. తార్నాకల యాడ?”

“ఇంట్ల.”

“నీ దండం పెడ్త, పిల్లర్ నంబర్ చెప్పన్నా.”

మెట్రో వచ్చినప్పటినుంచీ హైదరాబాదులో చిరునామాలు మారిపోయాయి. గుడి పక్కన, మర్రి దగ్గర అనేవాళ్ళు పోయారు. మెట్రో స్తంభాలన్నిటికీ నంబర్లున్నాయి. ఫలానా పిల్లర్ దగ్గర దిగు, అక్కణ్ణించి రెండో సందు, అంటే చాలు.

నరహరికి ఆ నంబరు తెలియదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఒక స్తంభం కింద ఆగి తలెత్తి నంబరు చూశాడు. ముందుకి చూశాడు, వెనక్కి చూశాడు. అక్కడే ఉండిపోయాడు.

రోడ్డు మీద అడుగడుక్కీ బోర్డు పెట్టలేదు ఎవరూ. దూరదూరంగా స్తంభాలు పెట్టారు. మనిషి ఎక్కడ నిలబడ్డా దగ్గర్లో ఉన్న స్తంభం దాకా నడిస్తే, నడిచిన అడుగులు కలుపుకుంటే, తానెక్కడున్నాడో తెలిసిపోతుంది. రాతలో మాత్రం ప్రతి అక్షరానికీ బోర్డెందుకు? దూరదూరంగా పిల్లర్లు పాతితే పోలేదా?

పరుశురాం బండి దిగి, స్తంభం చుట్టూ అడుగులు లెక్కపెడుతున్న మనిషిని చూసి కొంచెం దూరంలోనే ఆగాడు.

“అన్నా, నువ్వేనా నరహరి? కోడ్ చెప్తె టిఫిన్ ఇస్త. లెక్క తర్వాత పెట్టుకో.”

ఆ రోజునుంచి నరహరి రాతలో పిల్లర్లు పాతాడు. దగ్గరదగ్గరగా పాతితే మూల కంప్యూటర్లో పట్టడం లేదు. మరీ దూరంగా పాతితే చోటు సరిపోతోంది గానీ, స్తంభం దాకా నడిచేసరికి మిషను ఆయాసపడుతోంది. పట్టేంత దూరంలో పాతి, ఆయాసం సంగతి దేవుడికొదిలేశాడు. అది పూర్తయ్యేసరికి సెమినార్ రోజు తెల్లారింది. ఒక్కసారైనా వేదవతిగారి జోకు వెతికి చూసే వ్యవధి లేదు. నేరుగా మూల కంప్యూటర్ మీది టీ కప్పులు తీసి, నొక్కిందంతా అందులో పెట్టి, దాన్ని సెమినార్ హాల్లోకి మోయించాడు. ఇంక అటో ఇటో తేలాలి. అటైతే డాక్టరు, ఇటైతే జనగామలో అద్దాలు.

సెమినార్ హాల్లోకి ఎవరైనా రావచ్చు. మామూలుగా ఎవరూ రారు. ఆ రోజు వెంకట వంశం వచ్చింది. సుబ్బారావు దంపతులు కాకినాడలో రైలెక్కి కాచిగూడలో దిగి, తిన్నగా క్యాంపస్‌కి వచ్చారు. వెంకటలక్ష్మి పట్టుచీర కట్టింది. తమ మాటలు కాబట్టి ముందు వరస తమదేనని కూర్చున్నారు. వేదవతి వరస చివర, తలుపు దగ్గర కూర్చుంది.

బయటి పరీక్షకుడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గోడ మీద ప్రొజెక్టర్ వేసిన బొమ్మలు చూశాడు. నరహరి చెప్పింది విన్నాడు. నరహరి ఒకసారే చెప్పాడు కాబట్టి సగమే అర్థమైంది. నాలుగైదు ముక్కలిచ్చి వెతికించాడు. దొరికాయి. తల పంకించి, హాల్లోకి తిరిగాడు.

“మీలో ఎవరైనా ఒక మాట ఇస్తారా?”

వేదవతి లేచింది. “విజిల్.”

లెక్క వెంటనే వచ్చింది. చోట్లు మాత్రం ఒక్కొక్కటిగా, పిల్లర్ దాకా నడిచి నడిచి, గోడ మీద పడసాగాయి. ఏ ఏడాదిది ముందొస్తుందో, ఎవరిది ముందొస్తుందో చెప్పడానికి లేదు. మొదట వెంకటరత్నం: “పప్పుకి మూడు విజిల్స్. నాలుగోది వచ్చిందా, అది గోడకేసుకునే సున్నం.” హాల్లో ఎవరో నవ్వారు. తర్వాత సుబ్బారావు: “సినిమా హాల్లో విజిల్ వేసింది నేను కాదు, మా బావ. మా ఆవిడ అడిగితే ఇదే చెప్పండి.” సుబ్బారావు భార్య మెల్లగా తల తిప్పి భర్తని చూసింది. సుబ్బారావు పైకప్పు చూశాడు.

ఇంకొకటి పడింది. వెంకటలక్ష్మిది. ఎవరికో పంపబోయి గ్రూపులో పెట్టినట్టుంది. శుభోదయాల వరదలో ఎవరూ చూడలేదు. “అమ్మ పెద్ద కుక్కరు నా దగ్గరే ఉందే. విజిల్ ఒక్కటి పోయింది. వేదవతి వదినకి తెలియనివ్వకు.”

ముందు వరసలో తలలన్నీ వెంకటలక్ష్మి వైపు తిరిగాయి.

“అనుకున్నా” అంది వేదవతి, గోడ మీంచి చూపు తిప్పకుండా.

“అది ఈ కుక్కరు కాదు వదినా...”

“తర్వాత మాట్లాడుకుందాం లక్ష్మీ. సభలో ఉన్నాం.”

పరీక్షకుడు వాచీ చూసుకున్నాడు. “సరే, పనిచేస్తోందని తెలిసింది. ఇది ఆపి ముందుకెళ్దాం.”

సింధూజ నరహరి చెవి దగ్గరికి వంగింది. “అన్నా, ఆపు. డబ్బా మస్తు గరమైంది, ఎట్లనో మొత్తుకుంటున్నది. నడిమిట్ల ఆగిందనుకో, నీ పని ఖతం. సార్ మంచిగున్నప్పుడే ఆపెయ్.”

నిజమే. మూల కంప్యూటర్ తాలూకు ఫ్యాను రోలు తిరిగినట్టు మోగుతోంది. ఒక్క మీట నొక్కితే చాలు, గండం గట్టెక్కుతుంది. నరహరి చెయ్యి మీట మీదే ఉంది. తల తిప్పి చూస్తే వేదవతి కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉంది.

“ఇంకా ఉన్నయి సార్” అన్నాడు నరహరి.

“అర్థమైంది, కానీ టైం...”

“ఇంకా ఉన్నయి సార్.”

సింధూజ తెల్లబోయి అతని మొహంలోకి చూసింది. పద్మావతి మేడం ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకుంది. మిషను ఆగింది. మళ్ళీ రొప్పుతూ కదిలింది. ఒక పప్పు, ఒక రైలు, ఒక పెళ్ళి బ్యాండు. అప్పుడు పడింది.

“శ్రీనివాసరావు: మా ఇంట్లో కుక్కరు దానంతటది విజిల్ వెయ్యదు. ముందు మీ వదిన వైపు చూస్తుంది. ఆవిడ తల ఊపితే అప్పుడు వేస్తుంది. నా సంగతీ అంతే. ఈ మెసేజ్ కూడా ఆవిడ కూరగాయలకెళ్ళాకే పెడుతున్నాను.”

ముందు వరస మొదలుపెట్టింది. వెనక వరసలు అందుకున్నాయి. పరీక్షకుడు కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. వేదవతి మాత్రం నవ్వలేదు. ముక్కు ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి.

“చూశారా! చూశారా ఎంత మాటన్నారో! నేనేమైనా రాక్షసినా? ఏ రోజైనా కుక్కర్ని బెదిరించానా? లక్ష్మీ, నువ్వు చెప్పు!”

“లేదు వదినా” అంది వెంకటలక్ష్మి, ఆ రోజు ఏమడిగినా లేదనే స్థితిలో ఉంది కాబట్టి.

“అమ్మా, మీరు వెతికింది ఇదేనా?” అని అడిగాడు పరీక్షకుడు.

“ఇదే బాబూ. ఇంత మాటన్నాక వారమా? నెల రోజులు మాట్లాడకుండా ఉండాల్సింది.” అని కుర్చీలో కూలబడి, కొంగుతో మొహమంతా ఒకటికి రెండుసార్లు గట్టిగా తుడుచుకుంది. కోపానికి చెమట పట్టిందని వంశం అనుకుంది. నరహరి ఏమీ అనుకోలేదు. మీట నొక్కి మిషను ఆపాడు. అది అప్పటికే ఆగిపోయింది.

కమిటీ తలుపులేసుకుని మాట్లాడుకుంది. బయటికొచ్చి, థీసిస్ ఇచ్చుకోవచ్చని చెప్పింది. “పిల్లర్ల మధ్య దూరం గురించి ఒక అధ్యాయం పెంచు” అన్నాడు పరీక్షకుడు. పెంచమనేసరికి నరహరి మొహం వాడింది. “పెంచుతాడు సార్” అని పద్మావతి మేడం అతని బదులు ఒప్పుకుంది.

ఆ సాయంత్రం తార్నాకలో వంశమంతా కాఫీలు తాగుతుంటే, వేదవతి లోపలి గదిలో కూర్చుని గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది. మొగుడు ఆ జోకు పెట్టిన రోజు ఇవ్వని జవాబు.

“కుక్కరుకైనా నేను తల ఊపాలన్నారు. మీరు మాత్రం నేను ఊపకుండానే వెళ్ళిపోయారు. ఈ లెక్క నా దగ్గరుంది.”

ముందు గదిలో ఫోన్లన్నీ ఒకేసారి టింగుమన్నాయి. కాఫీ కప్పులు ఆగాయి. ఎవరూ లోపలికి రాలేదు. కాసేపటికి, సెమినార్‌కి రాని వెంకటరత్నం తన ఊళ్ళో కూర్చుని, పెద్దాయన తన పెళ్ళిలోనే భోజనాల దగ్గర తప్పిపోయిన సంగతి రాశాడు. దాని మీద సుబ్బారావు ఒకటి రాశాడు. దాని మీద సాయితేజ. దణ్ణాలు ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున వేదవతి మేడెక్కింది. చేతిలో మూత పెట్టిన కంచం. ఈసారి బరువుగా ఉంది.

“నరహరీ, ‘ఊపకుండానే’ అని వెతుకు. నిన్న నేను పెట్టాను.”

“దొరకదాంటీ.”

“ఎందుకు దొరకదు? ఆయనది దొరికినప్పుడు నాది దొరకదా?”

“నొక్కినంక ఇంకోటి ఎక్కదాంటీ అండ్ల. ఒక్క మెసేజ్ కలపాలన్నా మొత్తం ఇప్పి మల్ల మొదటిసంది నొక్కాలె.”

“అయితే విప్పు.”

“ఆంటీ, థీసిస్ రాయాలె నేను.”

“ఆయన మాట ఉండి నా మాట లేకపోతే, రేపు వెతికినవాళ్ళు నేను ఒప్పుకున్నాననుకోరూ?”

నరహరి కంచం వైపు చూశాడు. ఇడ్లీలు కాదు, పెసరట్లు. లాప్‌టాప్ తెరిచి, చుట్ట విప్పడం మొదలుపెట్టాడు. ఇంతలో వేదవతి ఫోను టింగుమంది. ఇంకోసారి. మళ్ళీ.

“జర ఆగుమనురి మీవోళ్ళని. నేను నొక్కేదాక ఎవ్వరు ఏమనద్దని చెప్పురి.”

“ఏడాది ఆగారు. ఇంక ఆగరు” అంటూ వేదవతి కళ్ళజోడు సర్దుకుని చదివింది. కాచిగూడ స్టేషన్లో తిరుగు రైలెక్కి కూర్చున్న సుబ్బారావు పెట్టాడు: “వదినా, ఇంకొకటి కూడా ఉంది. అన్నయ్య చెబితే నేను నా పేరుతో పెట్టాను. అదీ మీ మీదే. రైలెక్కాక చెబుదామని ఆగాను.”

వేదవతి ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ముక్కు మెల్లగా ఎర్రబడుతోంది. ఒక పెసరట్టు నరహరి వైపు జరిపింది.

“తిను. తిని వెతుకు.”

“ఏ మాటతోని ఎతకాలెనో అడగురి ముందు” అన్నాడు నరహరి.